గొంతు ఆగినా ఈల ఆగదు
పొలం కాడ ఒంటరిగా ఉండే రైతుకు పైసా ఖర్చు లేని తోడు

సేనిక్కాయ చేను ఊడలు దిగి కాయ పట్టే రోజులొస్తే మన పల్లెల్లో సగం మంది మగవాళ్లు రాత్రిళ్లు ఇంట్లో పడుకోరు. మంచె మీదనో, చేని గట్టు మీదనో ఉంటారు. అడవి పందులు గుంపుగా వచ్చాయంటే ఒక్క రాత్రిలో ఎకరం చేను తవ్విపోస్తాయి. అందుకని కేకలు వేస్తారు, డబ్బాలు కొడతారు, టార్చి తిప్పుతారు. రాత్రంతా ఈ చేనులో ఒక కేక, ఆ చేనులో ఒక కేక. మనకిది అలవాటైన సంగతే.

అయితే ఆ కేకల మధ్యలో ఒక కేక నిజంగా 'నన్ను కాపాడండి' అనే కేక అయితే, దాన్ని గుర్తుపట్టేదెవరు?

ఈ ప్రశ్న నాకు ఊరికే తట్టింది కాదు. 1996 అక్టోబరులో, నేను ఇంటర్ చదువుకుంటున్న రోజుల్లో, మా పెద్దనాయన మంచె దిగుతూ కాలు జారి కింద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. లేవలేడు, పాకలేడు. అప్పటికి రాత్రి పది దాటింది. పక్క చేనులో మనిషి ఉన్నాడు, మూడు వందల గజాలు కూడా లేదు. పెద్దనాయన అరిచాడు. గంటసేపు అరిచాక గొంతు బొంగురుపోయింది. ఇంకో గంటకు మాటే రాలేదు. తెల్లారి పాలకు వెళ్లేవాళ్లు చూసేదాకా అట్లే పడి ఉన్నాడు.

పక్క చేను ఆయన తర్వాత వచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "నీ అరుపు వినపడింది అన్నా. పందుల్ని అదిలిస్తాండావని అనుకుంటి" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. పెద్దనాయన బతికాడు గానీ, ఆలస్యంగా కట్టిన ఎముక సరిగా అతకలేదు. ఆ కాలు రెండంగుళాలు పొట్టి అయింది. మళ్లీ మడక పట్టలేదు.

ఆ రోజు ఆయన మొలతాడుకు ఒక ఈల ఉండి, ఆ ఈల అర్థం పక్క చేను ఆయనకు తెలిసి ఉంటే కథ వేరేగా ఉండేది. ఆ ఈలను ఇంట్లో పారేసే వస్తువులతోనే ఎట్లా చేసుకోవాలో, చేసుకున్నాక దాన్ని ఎట్లా వాడాలో ఈ వారం చెప్పుకుందాం.

'సెల్‌ఫోను ఉంది కదా!'

చాలామంది ఇదే అడుగుతారు. ఫోను ఉండాలి, కాదనడం లేదు. కానీ ఫోనుకు చార్జింగు ఉండాలి, టవరు అందాలి, కింద పడినప్పుడు అది చేతికి దొరకాలి. బావిలో పడితే నీళ్లలో తడుస్తుంది. గుట్ట వెనక చేనులో సిగ్నలు ఉండదు. ఫోను చేసినా, ఊళ్లో నిద్రపోతున్న మనిషి లేచి చీకట్లో మీ చేను వెతుక్కుంటూ రావాలి. ఈల అయితే దగ్గర్లో మేలుకొని ఉన్న మనిషినే నేరుగా పిలుస్తుంది. ఆ శబ్దం పట్టుకునే ఆయన మీ దగ్గరికి వస్తాడు. కాబట్టి ఇది ఫోనుకు బదులు కాదు, ఫోనుకు తోడు.

కేక కన్నా ఈల ఎందుకు మేలు?

దీనికి మూడు కారణాలు ఉన్నాయి.

ఒకటి, గొంతు త్వరగా అలిసిపోతుంది. నొప్పిలో, భయంలో, దాహంలో ఇంకా త్వరగా పోతుంది. ఈలకు గొంతుతో పని లేదు. ఊపిరి ఆడుతున్నంత వరకు ఊదవచ్చు.

రెండోది, మన చెవి సంగతి. శబ్దం అంటే గాలి అదురు. సెకనుకు ఎన్నిసార్లు అదిరితే స్వరం అంత సన్నగా, కీచుగా ఉంటుంది. మగవాళ్ల మాట మూలస్వరం సెకనుకు వంద, నూటయాభై సార్లు అదిరే మోతాదులో ఉంటుంది. కేక వేస్తే అది పెరుగుతుంది. మనిషి చెవి బాగా చురుగ్గా పట్టుకునేది మాత్రం సెకనుకు 2 వేల నుంచి 5 వేల సార్లు అదిరే శబ్దాన్ని. మంచి ఈల పలికేది సరిగ్గా అక్కడే. గాలి హోరు, మోటారు మోత, ట్రాక్టరు చప్పుడు ఎక్కువగా లావు స్వరాలు. సన్నటి ఈల వాటి మీదుగా తేలి వినిపిస్తుంది.

మూడోది, ముఖ్యమైనది. ఈల ఊదడానికి కదలక్కర లేదు. ఇది పాము కాటు విషయంలో ప్రాణం నిలిపే తేడా. దాని గురించి కింద విడిగా రాశాను.

ఈల మహిమ పెద్దపెద్ద నగరాలు కూడా ఆలస్యంగానే తెలుసుకున్నాయి. లండన్ పోలీసులు ఒకప్పుడు సాయం కోసం చెక్క గిలకలు తిప్పేవారు. ఆ మోత బండ్ల రద్దీలో కలిసిపోయేది. బర్మింగ్‌హామ్‌కు చెందిన జోసెఫ్ హడ్సన్ అనే పనివాడు చేసిన ఈలను 1883లో అక్కడి పోలీసు శాఖ తీసుకుంది. మరుసటి ఏడాది ఆయనే లోపల చిన్న గుండు తిరిగే ఈల చేశాడు. మన ఊళ్లో పీటీ మాస్టారు ఊదేది ఆ రకమే. కానీ ఆ గుండుకు ఉమ్ము, దుమ్ము అంటితే ఇరుక్కుపోతుంది, ఈల పలకదు. ఈ ఇబ్బంది పడలేకనే కెనడాలో బాస్కెట్‌బాల్ రిఫరీగా ఉన్న రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ 1987లో గుండు లేని ఈలను బజారులోకి తెచ్చాడు. మనం చేసుకోబోయేది కూడా గుండు లేని ఈలే.

ఈల ఎట్లా పలుకుతుంది?

ఖాళీ సీసా మూతి మీద అడ్డంగా ఊదితే 'బూ...' అంటుంది కదా. ఈల కూడా అంతే. సన్నటి సందులోంచి వచ్చిన గాలి ఎదురుగా ఉన్న పదునైన అంచుకు తగులుతుంది. కొంత లోపలి గదిలోకి దూరుతుంది. గది అవతల మూసి ఉంటుంది కాబట్టి లోపలి గాలి నొక్కుకుపోయి, స్ప్రింగులాగా వెనక్కి తంతుంది. వచ్చే గాలి బయటికి తప్పుకుంటుంది. మళ్లీ లోపలికి, మళ్లీ బయటికి. ఇట్లా సెకనుకు వేలసార్లు జరిగితే అదే ఈల.

గది పొడుగైతే స్వరం లావు, పొట్టిదైతే స్వరం సన్నం. ఒక కొస మూసిన 3 సెంటీమీటర్ల గొట్టానికి లెక్క ప్రకారం సెకనుకు 2,800 అదురులు వస్తాయి. చేత్తో చేసినదానికి అంతకంటే కొంత తక్కువే పలుకుతుంది. 2 వేల దగ్గర పలికినా మన పనికి చాలు.

అంటే గుర్తుంచుకోవాల్సినవి మూడే: సన్నటి గాలి దారి, పదునైన అంచు, గాలి కారని గది. ఈ మూడూ కుదిరితే ఏ గొట్టమైనా ఈల అవుతుంది.

కావలసిన వస్తువులు

* అరంగుళం పీవీసీ నీళ్ల పైపు ముక్క, 8 సెంటీమీటర్లు. ఇంట్లో కొళాయి వేయించినప్పుడు మిగిలిన తుంట చాలు.
* ఎండిన వేప కొమ్మ గానీ, విరిగిన చీపురు కర్ర గానీ, చిన్న ముక్క. పైపులో బిగుతుగా దూరేంత లావు ఉండాలి.
* అరిగిపోయిన హవాయి చెప్పు.
* హ్యాక్సా బ్లేడు, పదునైన కత్తి, స్కేలు, ఉప్పుకాగితం ముక్క, కొవ్వొత్తి, గట్టి దారం.

చెప్పును నోట్లో పెట్టుకోవాలా అని ముఖం చిట్లించుకోకండి. అది అవతలి కొస మూయడానికి. నోటి దగ్గర పెట్టేది వేప పుల్లే. రోజూ పళ్లు తోముకునేదే కదా.

ఒక్క హెచ్చరిక. పురుగుమందు డబ్బాలు, వాటి మూతలు, స్ప్రేయరు గొట్టాలు ఎన్నిసార్లు కడిగినా సరే, ఈలకు వాడవద్దు. ఎరువులు, యాసిడ్ పారిన పాత డ్రిప్పు పైపులు కూడా వద్దు. ఇది నోట్లో పెట్టుకునే వస్తువు.

చేసే విధానం

1. పైపు ముక్కను 8 సెంటీమీటర్లకు నేరుగా కోయండి. రెండు కొసలూ ఉప్పుకాగితంతో నునుపు చేయండి. సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి.

2. నోటి వైపు కొస నుంచి 2.5 సెంటీమీటర్ల దూరంలో గీత పెట్టండి. ఆ గీత మీద హ్యాక్సా బ్లేడుతో నిట్టనిలువుగా కోయండి. లోతు 5 మిల్లీమీటర్లు. అంటే పైపు లావులో నాలుగో వంతు. అంతకు మించి పోకూడదు.

3. ఆ కోతకు అవతలి వైపు, 12 మిల్లీమీటర్ల దూరంలో ఇంకో గీత పెట్టండి. అక్కడి నుంచి ఏటవాలుగా కోసుకుంటూ వచ్చి మొదటి కోత అడుగున కలపండి. పార ఆకు వాలులాగా ఉండాలి. ముక్క ఊడిపోయి చిన్న కిటికీ తెరుచుకుంటుంది.

4. ఏటవాలు కోత పైపు లోపలి గోడను కలిసే చోట ఒక అంచు ఏర్పడుతుంది. ఈల ప్రాణమంతా ఈ అంచులోనే ఉంది. కత్తి మొనతో పొట్టు, పోగులు తీసేయండి. ఉప్పుకాగితంతో వాలు వైపు నుంచి మాత్రమే రుద్దండి. అంచు పదునుగా, తిన్నగా ఉండాలి. గుండ్రంగా అరగదీస్తే ఈల పలకదు.

5. ఇప్పుడు నోటి బిరడా. కర్రను పైపులో బిగుతుగా దూరేలా చెక్కి, 2.5 సెంటీమీటర్ల పొడవున కోయండి. దాని పై భాగాన్ని కొస నుంచి కొస దాకా ఒకే మట్టంగా చెక్కండి. 1 నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం తీస్తే చాలు. చెక్కిన చోటికీ పైపు గోడకూ మధ్య మిగిలే సన్నటి సందే గాలి దారి.

6. చెక్కిన మట్టం కిటికీ వైపు పైకి ఉండేలా బిరడాను నోటి వైపు నుంచి దూర్చండి. దాని లోపలి కొస నిట్టనిలువు కోత దగ్గర సరిగ్గా ఆగాలి. కిటికీలోకి పొడుచుకు రాకూడదు, వెనక్కి తగ్గకూడదు.

7. చెప్పు అడుగు నుంచి పైపు లోపలి గుండ్రం కన్నా రవ్వంత పెద్ద బిళ్ల కోయండి. చెప్పు మందమే బిరడా పొడవు. అవతలి కొసలో గట్టిగా దూర్చండి.

8. ఇప్పుడు ఊదండి. పలుకుతుంటే చెప్పు బిరడాను పుల్లతో కొద్దికొద్దిగా లోపలికి తోస్తూ మళ్లీ మళ్లీ ఊదండి. రెండు బిరడాల మధ్య గది 4 సెంటీమీటర్ల నుంచి 3 సెంటీమీటర్లకు తగ్గేలోపు ఎక్కడో ఒక చోట ఈల బాగా గట్టిగా, తేటగా పలుకుతుంది. అక్కడ ఆపండి.

9. నోటి బిరడాను ఒకసారి బయటికి తీసి, మైనం కరిగించి పలచగా పూయండి. ఉమ్ముకూ వానకూ కర్ర ఉబ్బదు. మట్టంగా చెక్కిన చోట మైనం గడ్డ కట్టకుండా తుడిచి మళ్లీ దూర్చండి. రెండు బిరడాల చోటా పైపు పక్కగా సన్న మేకు గానీ గుండుసూది గానీ కొట్టి మొన బయటికి రాకుండా విరిచేయండి. ఊపిరి పీల్చేటప్పుడు బిరడా ఊడి గొంతులోకి పోకుండా ఇది కాపలా.

10. చెప్పు బిరడాకు అవతల మిగిలిన పైపు అంచులో చిన్న బెజ్జం వేసి దారం కట్టండి. గదికి మాత్రం ఎక్కడా బెజ్జం పడకూడదు.

మొదటిది చెడిపోతుంది. రెండోది కాస్త పలుకుతుంది. మూడోది మంచిది వస్తుంది. పైపు తుంటలు నాలుగు దగ్గర పెట్టుకునే కూర్చోండి.

పలకకపోతే?

'ఉస్సు' మని గాలి మాత్రమే వస్తుంటే ముందు అంచు చూడండి, మొద్దుబారి ఉంటుంది. అంచు బాగుంటే బిరడా కిటికీ దగ్గర సరిగ్గా ఆగిందో లేదో చూడండి. అదీ బాగుంటే గాలి దారి వెడల్పయి ఉంటుంది, కొత్త బిరడా చెక్కండి. చెవిలో దూదిలాగా మెత్తగా పలుకుతుంటే అవతలి బిరడా దగ్గర గాలి కారుతోంది, మైనం పోయండి. నిన్న పలికి ఈరోజు పలకకపోతే గాలి దారిలో దుమ్ము చేరి ఉంటుంది. చీపురు పుల్లతో తీసేసి కడగండి.

ఏ పనిముట్టూ లేని చోట

చేతిలో ఈల లేని రోజు ఆపద రావచ్చు. కూల్‌డ్రింకు సీసా మూత ఒకటి దొరికినా చాలు. మూత లోపలి వైపు మీ వైపు ఉండేలా రెండు చేతుల వేళ్లతో పట్టుకోండి. రెండు బొటనవేళ్లు పక్కపక్కన మడిచి మూత మీద పెట్టండి. వేళ్ల మధ్య పైన చిన్న 'వి' ఆకారపు సందు మిగలాలి, మిగతా మూత అంతా వేళ్లతో మూసి ఉండాలి. వేళ్ల కణుపులను పెదవికి ఆనించి ఆ సందులోకి ఊదండి. చెవులు గింగిరుమనే ఈల వస్తుంది. మూత ఉన్న పెన్ను జేబులో ఉంటే, ఆ మూతను కింది పెదవికి ఆనించి సీసా మీద ఊదినట్టు ఊదండి. మూత కొసన బెజ్జం ఉంటే వేలితో మూయండి.

ఈ రెండింటికీ సాధన కావాలి. ఇంట్లో పిల్లల్ని అడగండి, వాళ్లే నేర్పుతారు. కానీ చేయి విరిగినప్పుడు, వణుకుతున్నప్పుడు ఇవి కుదరవు. కొబ్బరాకు బూర, మామిడి టెంక పీక మన చిన్నప్పటి ఆటలే గానీ ఎండితే పనికిరావు. అందుకే పైపు ఈలను చేసుకోమని చెప్పేది.

ఈల సగమే, ఒప్పందం మిగతా సగం

ఇప్పుడు అసలు సంగతి. మీరు ఎంత మంచి ఈల చేసుకున్నా, పక్క చేను వాళ్లకు దాని అర్థం తెలియకపోతే అది వట్టి పిల్లల ఆట. పెద్దనాయన కేక లాగానే 'పందుల్ని తోలుతున్నాడు' అనుకుని తిరిగి పడుకుంటారు.

ఐరోపా కొండల్లో తిరిగేవాళ్లకు ఒక లెక్క ఉంది. నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు ఊదితే ఆపద అని అర్థం. విన్నవాళ్లు మూడుసార్లు జవాబు ఇస్తారు. అమెరికా లాంటి చోట్ల మూడు ఊదులే ఆపద గుర్తు. మనకు తేలికగా గుర్తుండేది ఈ మూడు లెక్కే. మీ ఊళ్లో ఇట్లా పెట్టుకోండి.

* ఆపదలో ఉన్న మనిషి: మూడు పొడుగు ఊదులు. తర్వాత ఒక నిమిషం ఆగి చెవి పెట్టి వినాలి. మళ్లీ మూడు. సాయం మీ దగ్గరికి చేరేదాకా ఇట్లాగే.
* విన్న మనిషి: రెండు ఊదులు. 'విన్నాను, వస్తున్నాను' అని దాని అర్థం.
* జవాబు విన్నాక కూడా ఈల ఆపవద్దు. చీకట్లో వచ్చేవాళ్లకు ఆ శబ్దమే దారి.

ఆగి వినడం ఎందుకంటే, ఆపకుండా ఊదితే దమ్ము పోతుంది, జవాబు వినపడదు. పైగా వరసగా వచ్చే చప్పుడు ఏదో పురుగు కూత అనుకుంటారు. మూడు, ఆగడం, మళ్లీ మూడు అంటే అది మనిషి పనే అని నిద్రమత్తులో ఉన్నవాడికి కూడా తెలుస్తుంది.

ఇంకో కట్టుబాటు గట్టిగా పెట్టుకోవాలి. ఈ ఈలను పందుల్ని తోలడానికి గానీ, గొర్రెల్ని అదిలించడానికి గానీ, సరదాకు గానీ ఊదకూడదు. పందులకు డబ్బా ఉంది, కేక ఉంది. ఒక్కసారి సరదాకు ఊదితే, నిజంగా ఆపద వచ్చిన రోజు ఎవరూ రారు.

పక్కపక్క చేన్ల వాళ్లు అయిదారుగురు రచ్చకట్ట మీద పది నిమిషాలు కూర్చుంటే ఈ ఒప్పందం అయిపోతుంది. తర్వాత ఒక రాత్రి అందరికీ ముందే చెప్పి పరీక్ష పెట్టండి. ఒకరు చేను మధ్యలో కూర్చుని ఊదాలి, మిగతావాళ్లు ఎవరి చేనులో వాళ్లు వినాలి. గాలి ఎదురైతే శబ్దం ఎంత తగ్గుతుందో, గుట్ట అడ్డమైతే ఎవరికి వినపడదో, మోటారు దగ్గర పడుకున్నాయనకు వినిపిస్తుందో లేదో ఆ రాత్రే తెలిసిపోతుంది. వినపడని చేను ఏదో తెలిస్తే, అక్కడ కాపలా ఉండేవాళ్లు ఒంటరిగా ఉండకుండా చూసుకోవచ్చు.

పాము కరిస్తే పరిగెత్తవద్దు, ఈల ఊదండి

2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్క ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువమంది పల్లెల్లోనే. దాదాపు సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపు, మనం చేలల్లో ఉండే రోజుల్లోనే. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో తెలంగాణ కలిసిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

పాము కరిచినప్పుడు మనిషి మొదట చేసే పని పరిగెత్తడం. అదే పెద్ద పొరపాటు. కండరాలు కదిలేకొద్దీ విషం ఒంట్లో త్వరగా పాకుతుంది. చేయాల్సింది ఇది:

* పాముకు దూరంగా నాలుగు అడుగులు జరిగి కూర్చోండి లేదా పడుకోండి. కరిచిన కాలు, చేయి కదపవద్దు.
* మూడు ఊదులు, ఆగడం, మళ్లీ మూడు. మెల్లగా ఊపిరి తీసుకుంటూ ఊదండి.
* ఉంగరాలు, కడియాలు, మెట్టెలు తీసేయండి. వాపు వస్తే బిగుసుకుంటాయి.
* తాడుతో బిగించి కట్టవద్దు. కోయవద్దు. నోటితో పీల్చవద్దు. పసర్లు, మంత్రాల కోసం కాలం పోగొట్టుకోవద్దు.
* వచ్చినవాళ్లు 108కు ఫోను చేసి, మనిషిని నడిపించకుండా మోసుకుని, విషం విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. పామును చంపి తేవాల్సిన పని లేదు.

కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. రాత్రి నేల మీద పడుకున్నప్పుడు కాటు పడి, కాసేపటికి కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడటం మొదలవుతుంది. మాట రాని స్థితిలో కేక ఎట్లా వేస్తారు? కాబట్టి ఏ మాత్రం అనుమానం వచ్చినా, 'చూద్దాంలే' అనుకోకుండా పెదవులు పని చేస్తుండగానే ఈల ఊదండి.

విన్నవాళ్లు చేయాల్సింది

రెండు ఊదులు జవాబు ఇవ్వండి. ఒక్కరే పరిగెత్తకుండా ఇంకొకరిని లేపండి. టార్చి, కర్ర, ఫోను తీసుకోండి. చెప్పులు వేసుకోండి. సాయానికి వెళ్లి మీరూ పాము మీద కాలు వేస్తే ఇద్దరు పడినట్టు.

మోటారు దగ్గర మనిషి పడి ఉంటే ముట్టుకోవద్దు. ముందు కరెంటు ఆపండి. స్టార్టరు దగ్గర ఆపితే చాలదు, తీగ తెగి ఉండవచ్చు. మెయిను ఆపి, అది ఆగిందని తేలాకే దగ్గరికి పోవాలి. తెగిన తీగ నేల మీద ఉంటే అటు వైపే పోకుండా కరెంటు వాళ్లకు ఫోను చేసి లైను ఆపించాలి. బావిలో పడితే తొందరపడి దిగవద్దు. పాత బావుల్లో ఊపిరాడని గాలి ఉంటుంది. పైనుంచి తాడు వదలండి, 108కు గానీ 112కు గానీ చెప్పండి.

ఎక్కడ కట్టుకోవాలి?

ఇంట్లో గూట్లో పెట్టిన ఈల ఎవరినీ కాపాడదు. మంచె మీద వేలాడదీసినదీ అంతే. పెద్దనాయన మంచె కింద పడ్డాడు కదా. ఒంటి మీదే ఉండాలి.

మగవాళ్లకు మొలతాడు కన్నా మంచి చోటు లేదు. పడుకున్నా, తడిసినా అక్కడే ఉంటుంది. ఆడవాళ్లు పత్తి తీసేటప్పుడు, మేత కోసేటప్పుడు రొండిన దోపుకునే చిన్న సంచిలో పెట్టుకోండి, లేదా పిన్నీసుతో జాకెట్టుకు తగిలించుకోండి. మెడలో వేసుకునేటట్టయితే గుంజితే పుటుక్కున తెగే సన్న దారమే వాడండి. నూర్పిడి యంత్రం, మోటారు బెల్టు దగ్గర మెడలో గట్టి తాడు ఉంటే అదే ప్రాణం తీస్తుంది.

ముసలివాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లలో మంచం కోడుకు ఒకటి కట్టండి. రాత్రి బాత్రూముకు లేచి పడిపోయేవాళ్లు ఎందరో. పసిపిల్లల చేతికి మాత్రం ఇవ్వవద్దు. చెవి దగ్గర పెట్టి ఊదవద్దు, వినికిడి చెడుతుంది.

వరదలో కూడా

2021 నవంబరు 19న కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మనది కరువు సీమే అయినా వంకలు, వాగులు ఒక్క రాత్రిలో పొంగుతాయి. నీటి హోరులో, చీకట్లో గొంతు ఎంత దూరం పోతుంది? ఓడల్లో ఇచ్చే లైఫ్ జాకెట్లకు ఈల కట్టి ఉండేది అందుకే. పీవీసీ ఈల తడిసినా చెడదు, విదిలించి ఊదితే పలుకుతుంది. వాగు దాటి చేనుకు పోయేవాళ్లు దీన్ని మరవద్దు.

చివరిగా ఒక మాట

మా పెద్దనాయన ఈరోజు లేడు. ఆయన పోయేదాకా ఆ కాలు ఈడ్చుకుంటూనే నడిచాడు. పక్క చేను ఆయన కొడుకు ఇప్పుడు అదే చేను చేస్తున్నాడు, మా చేను మా తమ్ముడు చేస్తున్నాడు. ఇద్దరి మొలతాడుకూ ఈల ఉంది. పోయినేడు కోత ముందు ఒక రాత్రి పరీక్షకు మా తమ్ముడు మూడు ఊదాడు. నేను గట్టు మీద కూర్చుని లెక్కపెట్టాను. పది అంకెలు లెక్కపెట్టేలోపే అవతలి నుంచి రెండు ఊదులు వచ్చాయి.

కావలసింది పైపు తుంట, పుల్ల ముక్క, పాత చెప్పు. ఒక మధ్యాహ్నం పని. ఈ కాపు కాపలా మొదలయ్యే లోపు మీకొకటి, పక్క చేను ఆయనకొకటి చేయండి. ఆయనది ఆయన చేతికిచ్చి, మూడుకు అర్థం ఏమిటో, రెండుకు అర్థం ఏమిటో చెప్పి రండి.